మన పత్తి కింద వత్తు

పొద్దున్నే ప్రార్థన చేసుకొని ‘ఆమెన్’ అన్నాక, జీవిత కాఫీ కూడా తాగకుండా కిటికీ దగ్గరికి వెళ్లేది. కల్లూరులో ఆమె అద్దెకుంటున్న గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని అరుగు మీద తువ్వాలు మడిచి పరిచి పాత సెల్‌ఫోన్లను వరసగా పేర్చేది. ఒకదాని అద్దం సాలెగూడులా చిట్లి ఉండేది. ఒకదానికి వెనక మూత పోతే రబ్బరు బ్యాండు వేసి ఉండేది. ఇంకొకటి ఎంత పాతదంటే, అది వెలిగేలోపల జీవిత జడ అల్లుకోవడం అయిపోయేది. ఒక్కోదాన్ని చున్నీ కొసతో తుడిచి, అన్నిట్లోనూ ఒకే పేజీ తెరిచి, పెదాలు కదుపుతూ చదివేది. ప్రతి అక్షరం కిందా ఉండాల్సిన వత్తు ఉందో లేదో చూసుకున్నాకే ఆ రోజు పనిలోకి దిగేది.

ఇంటావిడ సుబ్బరత్నమ్మ తులసి కోటకు నీళ్లు పోసి, అటునుంచి అటే కిటికీ దగ్గర ఆగి నవ్వేది.

“ఏం పాపా, మీ దేవునికి మొక్కేది అయిపోయిందా? ఇంగ ఈ చిన్నదేవుళ్లకు మొక్కుతాండావా?”

“దేవుళ్లు కాదు పెద్దమ్మా, అయ్యవార్లు. దినామూ పరీక్ష పెడతారు నాకు.”

“అయ్యవార్లకు బెత్తాలు లేవు, నీ అదృష్టం. రా, ఉగ్గాని చల్లారిపోతాంది.”

సుబ్బరత్నమ్మ రోజూ పిలిచేది. అద్దెకున్న పిల్ల వేరే మతమనీ, వేరే ఊరిదనీ ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ఫోన్లకు రాత్రిళ్లు చార్జింగు పెట్టేదీ ఆమే. “నా ఇంట్లో కరెంటు ఊరికే పోతాంది, నీ అయ్యవార్లన్నా తాగనీ” అనేది. మనుషుల మంచితనం పెద్ద పెద్ద పనుల్లో కంటే ఇలాంటి చిన్న చిన్న సంగతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

జీవితకు ఈ అలవాటు ఎలా పట్టుకుందో చెప్పాలంటే, ముందు వాళ్ల జేజి గురించి చెప్పాలి.

జేజి పేరు విశ్వాసమ్మ. జీవిత తండ్రి లేవికి తల్లి. ఊరు పత్తికొండ దగ్గర ఒక పల్లె. విశ్వాసమ్మ చిన్నప్పటి నుంచీ పత్తి ఏరింది. రెడ్ల చేలో ఏరింది, కాపుల చేలో ఏరింది, పక్క ఊళ్లకు పోయి ఏరింది. కాయ తొడిమ గుచ్చుకొని గుచ్చుకొని ఆమె వేళ్ల చివర్లు గట్టిపడిపోయాయి. ఆ వేళ్లతోనే ఆదివారం పాటల పుస్తకం తిప్పేది. చదువు కూడా చర్చి బడిలోనే వచ్చింది. అక్కడ అయ్యగారు అక్షరాన్ని నోటితో కూర్చి చదివించేవారు. తకు గుడిస్తే తి, దాని కింద త వత్తిస్తే త్తి. ఇంత వయసొచ్చినా విశ్వాసమ్మ చదువు అదే తీరు. బస్సు బోర్డు అయినా, మందుల చీటీ అయినా, ముందు పెదాల మీద కూర్చుకున్నాకే పైకి అంటుంది. తొందరగా చదివేవాళ్లు సగం అక్షరాలు చూసి మిగతాది ఊహించుకుంటారు. జేజి ఊహించదు. ఉన్నది ఉన్నట్టు, పొల్లు పోకుండా చదువుతుంది.

కొన్నేళ్ల కిందట లేవి కష్టపడి కొంచెం మెట్ట చేను సంపాదించాడు. అందులో పత్తి వేశాడు. ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా ఇలాంటి చిన్న కమతాల ఆడవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి పెద్ద శివలీల. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. అందరి పత్తీ ఒక రేకుల షెడ్డుకు చేర్చి, కలిపి తూకం వేయించి అమ్ముకోవడం సంఘం పని. ఎవరి వంతు ఏ రోజు, పత్తి ఎంత ఆరాలి, బండి ఎప్పుడు వస్తుంది, ఇవన్నీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పలేక శివలీలకు గొంతు పోయేది. అందరూ చూసుకునేలా ఇంటర్నెట్టులో ఒక పేజీ ఉంటే బాగుంటుందని ఆమే అంది.

“మా మనవరాలు చేసేది అదే పని” అంది విశ్వాసమ్మ వెంటనే.

“పేజీకి పేరేం పెడదాం?” అని శివలీల అడిగింది. విశ్వాసమ్మ కాసేపు తన వేళ్ల వైపు చూసుకుంది.

“ఇన్నేండ్లూ వాళ్ల పత్తి, వీళ్ల పత్తి అని ఏరినాం. ‘మన పత్తి’ అని పెట్టండమ్మా” అంది.

ఆ పేరు అందరికీ నచ్చింది.

జీవిత కర్నూలులో డిగ్రీ చదివి, పేజీలు చేసే పని నేర్చుకొని, కల్లూరులో భూపేష్ పెట్టిన చిన్న ఆఫీసులో చేరింది. కింద మోటార్లకు వైండింగు చుట్టే షాపు, మేడ మీద వీళ్ల ఆఫీసు. భూపేష్ రైతు బిడ్డే. బద్వేలు వైపు వాళ్లది పెద్ద సేద్యం. అతను సేద్యం వదిలి ఈ వ్యాపారం పెట్టాడు. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. అంతవరకూ జీవిత అతను చెప్పినట్టు అక్కడో ముక్క, ఇక్కడో ముక్క చేసేది. ‘మన పత్తి’ వచ్చినప్పుడు మాత్రం, “మీ ఊరోళ్ల పని కదా, మొదులు నుంచి కడదాకా నువ్వే చెయ్, నేను వేలు పెట్టను” అన్నాడు. అది ఆమె చేతుల మీదుగా వచ్చే మొదటి పేజీ. దానికోసం జీవిత ఉపవాసముండి ప్రార్థన చేసుకుంది.

పేజీ అంటే వట్టి రాత కాదు. ఏ అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఇవన్నీ విడిగా రాసిపెట్టాలి. జీవిత రాసేది అదే. ఆ రాతను చదువుకొని తెర మీద చూపించేది మాత్రం ఫోనులో ఉండే బ్రౌజర్. ఒక్కో ఫోనులో ఒక్కో బ్రౌజర్, అందులో మళ్లీ కొత్తదీ పాతదీ. జొన్నపిండి ఒకటే అయినా ఒక ఇంటి పెనం మీద రొట్టె చక్కగా పొంగుతుంది, ఇంకో ఇంటి పెనం మీద అంచు మాడుతుంది. పిండి తప్పూ కాదు, పెనం తప్పూ కాదు. ఈ సంగతి పాఠంలో జీవిత చదివే ఉంది. చదివింది వేరు, చెయ్యి కాలితే తెలిసేది వేరు.

ఒక ఆదివారం, చర్చి ఆరాధన అయినాక, మధ్యాహ్నం షెడ్డులో అందరూ కూడారు. చేలల్లో పత్తి అప్పుడు పూత మీద ఉంది. విశ్వాసమ్మ పండక్కి కట్టే చీర కట్టుకొని వచ్చింది. జీవిత తన కొత్త ఫోనులో పేజీ తెరిచి చూపించింది. పైన ఆకుపచ్చ పెట్టెలో తెల్లటి పెద్ద అక్షరాలు, కింద వంతుల పట్టిక. శివలీల కళ్లద్దాలు సర్దుకొని, “బలే ఉండాది పాపా” అంది. తరవాత ఎవరి ఫోన్లో వాళ్లు తెరుచుకున్నారు.

“మా జేజి పెట్టిన పేరు. మా జేజే మొదులు చదవాల” అంది జీవిత.

విశ్వాసమ్మ లేచి నిలబడింది. బైబిలు పాఠం చదివే ముందు చేసినట్టే గొంతు సవరించుకుంది. తన పాత ఫోన్ చేయి చాచినంత దూరం పెట్టుకొని, అందరికీ వినపడేలా అక్షరాలు కూర్చింది.

“మ... న... మన. ప... తకు గుడిస్తే తి... మన పతి.”

వెనక నుంచి ఒకామె, “ఏందీ, మన పతా! అందరికీ కలిపి ఒగడేనా?” అంది. అంతే, నవ్వులు మొదలయ్యాయి.

విశ్వాసమ్మ అర్థం కాక కింది వరస కూడా చదివింది. “మీ పతి... బాగా... ఆరబెటి... తీసుకురండి.”

“ఆరబెట్టేదేముండాది మే, నా మొగుడు ఎప్పుడో ఎండిపోయినాడు!”

“మా ఇంటాయన్ను తూకమేసి తీసుకుంటారంటే రేపే తెస్తా!”

“ఇంగో చూడండమ్మా, తడిసిన పతి వద్దంట. అది మాత్రం నిజమే. తాగి తడిసొచ్చే మొగుళ్లు మనకూ వద్దు!”

ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అందులో చెడు బుద్ధి లేదు. రెక్కలు ముక్కలు చేసుకునే మనుషులకు నవ్వడానికి ఒక వంక దొరికింది, అంతే. జీవితకు కూడా నవ్వొచ్చేదే. కానీ ఆమె జేజి ముఖం చూసింది. విశ్వాసమ్మ నవ్వలేదు. ఫోనును ఇంకొంచెం దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చి, కళ్లు నులుముకొని చూస్తోంది.

“నాకే చదవను రాలేదేమో. కండ్లు పోయినాయి నాకు” అని మెల్లగా అని కూర్చుంది.

జీవిత ఆ ఫోన్ తీసుకొని చూసింది. జేజి తప్పు చదవలేదు. ‘త్తి’ కింద ఉండాల్సిన వత్తు పెట్టె అంచు దగ్గర కత్తిరించినట్టు తెగిపోయి ఉంది. ‘మన పతి’ అనే ఉంది. మిగతా ఆడవాళ్లలో చాలామంది ఫోన్లలోనూ అలాగే ఉంది. వాళ్లు మాత్రం అక్కడ ‘పత్తి’ ఉండాలని తెలుసు కాబట్టి పత్తి అనే చదువుకున్నారు.

జీవిత లేచి నిలబడింది.

“అక్కా, పిన్నమ్మా, అందరూ వినండి. మా జేజి చదివింది కరెక్టే. నా పేజీలో తప్పుండాది. వత్తులు తెగిపోయినాయి. నేను సరిచేస్తా.”

శివలీల నవ్వు ఆపి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. “తప్పంటే తప్పే పాపా, ఒప్పుకున్యావు, సంతోషం. కాయ పగిలి ఏరేది మొదులయ్యేలోగా మళ్లా ఒగసారి కూడుదాం. అప్పుడు కూడా మా మొగుళ్లనే అమ్మమంటే మాత్రం ఈ పేజీ మనకొద్దు. నా గొంతు పోయినా ఫోన్లే చేసుకుంటా.”

ఇంటికి చేరాక విశ్వాసమ్మ, “నువ్వు సరిజేస్తావులే. నేను అందరి ముందర చెప్పినాను కదా, మా మనవరాలు చేసేది అదే పని అని” అంది. ఆ మాట పట్టుకొనే జీవిత కల్లూరు వచ్చింది. పేజీ పోతే ఇంకో పేజీ దొరుకుతుంది. జేజి అందరి ముందరా అన్న ఆ మాట పోకూడదు. ఇన్నేళ్లకు ‘మన’ అని పెట్టుకున్న పేరు నవ్వులాటగా మిగిలిపోకూడదు.

మరుసటి రోజు ఆఫీసులో భూపేష్ తన ఫోన్ తీసి చూపించాడు.

“చూడు, నా ఫోన్లో బంగారమాదిరి ఉండాది. పాత ఫోన్లోళ్లు యాడ చూస్తారు జీవితా?”

“నీ ఫోన్లో బాగుండాదన్నా. పత్తి వేసినోళ్ల ఫోన్లలోనే బాగలేదు.”

“అట్లయితే అక్షరాలు చిన్నవి చెయ్. పెట్టెలో పడతాయి.”

“చిన్నవి చేస్తే మా జేజికి కనపడవన్నా.”

భూపేష్ తల గోక్కున్నాడు. తరవాత సొరుగు లాగి, అడుగున పడి ఉన్న తన పాత ఫోన్ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. “కాలేజీలో వాడినాను. ఇంగా బతికుండాదేమో చూడు” అన్నాడు. ఆ తరవాత ఆమె ఆ పని మీదే ఉండిపోయినా ఏమీ అనలేదు. మిగతా పనులు తనే చూసుకున్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున వీధిలో, “పాత సెల్లులకు ప్లాస్టిక్ బుట్టలిస్తాం” అని బండివాడు అరుస్తూ వచ్చాడు. సుబ్బరత్నమ్మ అప్పటికే తన పాత ఫోన్ చేతిలో పట్టుకొని, మూతున్న పెద్ద టబ్బు ఏరుకొని ఉంది. జీవిత గేటు దగ్గర నిలబడి ఆ ఫోన్ వైపే చూస్తోంది. నోరు తెరిచి అడగలేకపోయింది.

సుబ్బరత్నమ్మ ఆమెను చూసింది, ఫోనునూ చూసింది. టబ్బు బండి మీద తిరిగి పెట్టేసింది.

“పోప్పా, ఈసారొద్దులే” అంది బండివాడితో.

“ఏమమ్మా, ఇంతసేపు బేరమాడి?”

“మా ఇంట్లో సదువుకునే పిల్ల ఉండాది. దానికి పలక కావాలంట.”

అలా ఒక అయ్యవారు వచ్చాడు. చిట్లిన అద్దం ఫోన్ షేర్ ఆటో నడిపే గోపన్న ఇచ్చాడు. “పగిలిందని పారేద్దామనుకున్యాం, నీకు పనికొస్తే అంతకంటే ఏముండాది సెల్లెమ్మా” అన్నాడు. ఇలా కిటికీ అరుగు నిండింది.

అన్నిట్లోనూ చూడగా చూడగా తప్పు ఎక్కడుందో తేలింది. జీవిత ముచ్చటపడి తెచ్చిన సన్నటి అక్షరాలను పాత బ్రౌజర్లు అందుకోలేక, తమ దగ్గరున్న లావు అక్షరాలు వేస్తున్నాయి. ఆ అక్షరాల వత్తులు ఇంకొంచెం కిందికి దిగుతాయి. ఆమేమో ఒక్కో వరస పెట్టెకూ ఎత్తు కొలిచి గీసి, దాన్ని దాటిందేదైనా కనపడనివ్వొద్దని రాసింది. బ్రౌజర్లు చెప్పిన మాట విన్నాయి. పాఠాలన్నీ ఆమె ఇంగ్లీషు అక్షరాలతో నేర్చుకుంది. వాటికి కింద పెద్దగా చోటు అక్కర్లేదు. తెలుగు అక్షరం అలా కాదు, కాళ్ల దగ్గర బిడ్డను పెట్టుకొని నిలబడే తల్లిలాంటిది. తల్లికి మాత్రమే చోటు కొలిస్తే ఎట్లా?

మొదట ప్రతి బ్రౌజరూ తనంతట తాను వేసుకునే ఖాళీలన్నీ తుడిచేసి, అన్నిటినీ ఒకే సమానానికి తెచ్చింది. పెట్టె దాటినదాన్ని దాచమన్న మాట కొట్టేసి, పాత బ్రౌజర్లు కూడా అందుకోగల రకంలో అక్షరాలు పెట్టింది. వంతుల పట్టికను ముందు అన్ని బ్రౌజర్లకూ తెలిసిన పాత పద్ధతిలో ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాసి, ఆ తరవాత ‘నీకు కొత్త పద్ధతి తెలిస్తే ఇట్లా పక్కపక్కన పెట్టు’ అని రాసింది. తెలిసినది పెడుతుంది, తెలియనిది పాత తీరులోనే చక్కగా చూపిస్తుంది. ఎవరికి అర్థమయ్యే మాటలో వాళ్లకు చెప్పడం. పెంతెకొస్తు పండగనాడు, శిష్యుల మాట ఎవరి భాషలో వాళ్లకు వినపడిందని అయ్యగారు చెప్పే ప్రసంగం జీవితకు గుర్తొచ్చి నవ్వుకుంది.

కిటికీ అరుగు మీద అన్ని ఫోన్లలోనూ ‘మన పత్తి’ వత్తుతో సహా వచ్చింది. సంతోషం పట్టలేక జేజికి ఫోన్ చేసింది.

“జేజీ, పేజీ తెరువు. చదువు.”

అవతల కాసేపు అలికిడి, జేజి గొణుగుడు. “మ... న... మన. ప... తకు గుడిస్తే తి...”

జీవిత ఆగలేకపోయింది. “దాని కింద, జేజీ?”

“కింద ఏందో తోక మాదిరి ఉండాది మే. తలకాయ లేదు. పచ్చ పట్టీ పైన కొంచం కనపడి, మిగిలింది కిందున్న తెల్ల పట్టీ చాటున దాక్కున్యాది.”

“వత్తేనా అది?”

“వత్తేనని నువ్వు చెప్తాండావు. నాకు కనపడింది తోక. తోకను చూసి ఎద్దు అని ఎట్ల చదువుతా?”

జీవితకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మెల్లగా అడిగి తెలుసుకుంది. జేజి చూపు ఆనక, లేవి ఆ ఫోనులో అక్షరాల సైజు బాగా పెంచి పెట్టాడు. అక్షరం పెరిగింది, పెట్టె పెరగలేదు. పెట్టె ఎత్తు ఇంకా జీవిత గీసిన కొలతలోనే ఉంది. కింది పట్టీ వచ్చి వత్తు మీద కూర్చుంది. కిటికీ దగ్గరున్న ఏ ఫోనులోనూ అక్షరాలు పెంచి చూడాలని ఆమెకు తట్టలేదు.

“ఎవరన్నా బిడ్డను చూసి ఉయ్యాల కడతారు గానీ, ఉయ్యాలను చూసి బిడ్డ కాళ్లు మడుస్తారామ్మే?” అంది జేజి, సంగతంతా విని.

ఆ మాట జీవిత మనసులో పడింది. ఆ రోజే పెట్టెకు కొలత తీసేసింది. ఎత్తు ఎంతో తను చెప్పకుండా అక్షరానికే వదిలేసింది. కింద వదిలే ఖాళీ కూడా అక్షరం పెరిగితే దాంతోపాటే పెరిగేలా రాసింది. సాయంత్రం జేజికి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి అవతల గొణుగుడు మాత్రమే వినపడింది.

“జేజీ? ఉండావా?”

“ఉండా. చదువుకుంటాండా. తకు గుడిస్తే తి, తి కింద త వత్తిస్తే త్తి. పత్తి.” మళ్లీ మొత్తం కలిపి, “మన పత్తి. దేవునికి స్తోత్రం” అంది.

కాయలు పగిలి చేలు తెల్లబడే వేళకు షెడ్డులో మళ్లీ కూడారు. భూపేష్ కూడా మోటారు సైకిలు వేసుకొని వచ్చి వెనక నిలబడ్డాడు. శివలీల చేతులు నడుం మీద పెట్టుకొని, “ఏం పాపా, ఈసారి మొగుళ్లను తెమ్మంటావా, పత్తి తెమ్మంటావా?” అంది.

“మీరే చదవండి పెద్దమ్మా. మీ మీ ఫోన్లు తీయండి.”

“నువ్వు చదువు విశ్వాసమ్మా” అంది శివలీల. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి ఈమేనని ఆమెకు పోయినసారే అర్థమైంది.

విశ్వాసమ్మ లేచింది. అదే చీర, అదే ఫోన్. చేయి చాచి పట్టుకుంది. ఈసారి చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా తమ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆమె ఒక్కో అక్షరం కూర్చుతుంటే, చర్చిలో పాట అందుకున్నట్టు వెనక నుంచి వాళ్లూ అందుకున్నారు.

“తి కింద త వత్తిస్తే త్తి. మన పత్తి!”

కొత్త ఫోనులోనూ అదే, పాత ఫోనులోనూ అదే, అద్దం పగిలిన ఫోనులోనూ అదే. ‘బాగా ఆరబెట్టి తీసుకురండి’ అని కింది వరస. ఏ వత్తూ తెగలేదు.

“పోనీలే, మొగుళ్లు బతికిపోయినారు!” అని ఎవరో అనగానే షెడ్డంతా నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది విశ్వాసమ్మే. శివలీల లేచి అందరి ముందూ, “ఈ పేజీ ఉంటాది. నా గొంతుకు విడుదల” అని చెప్పింది. భూపేష్ జీవిత పక్కకు వచ్చి, “ఆఫీసులో గూడా నీ కిటికీ మాదిరి ఒగ బల్ల పెడదాం. ఇంగ ఏ పేజీ అయినా ఆ బల్ల మీద చూడకుండా పోదు” అన్నాడు. జీవిత తల ఊపింది.

ఇంటికి వచ్చాక లేవి పెట్టె తెరిచి ఒక కొత్త ఫోన్ తీశాడు. తల్లి ముందు పెట్టి, “అమ్మా, ఈ పొద్దు నువ్వు అందరి ముందర చదివితే నాకు... ఇది నీకే. పాతది ఆ చెత్తబుట్టలోనికి వేసెయ్” అన్నాడు.

విశ్వాసమ్మ కొత్త ఫోనును తిప్పి తిప్పి చూసుకుంది. దాని అద్దంలో తన ముఖం చూసి కొంగు సర్దుకుంది. సంతోషంగా పాత ఫోనును కొడుకు చేతికి ఇవ్వబోయింది. అప్పుడు జీవిత వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. తొడిమలు గుచ్చుకొని గట్టిపడ్డ ఆ చేతిని పాత ఫోనుతో సహా రెండు చేతుల్లోకి తీసుకుంది.

“జేజీ, నాకొక సాయం చేస్తావా? కొత్తదాంట్లో పాటలు విను, మా అత్తోళ్లతో మాట్లాడు. ఇది మాత్రం పారేయొద్దు. రోజూ పొద్దున్నే నీ ప్రార్థన అయినాక ఈ ఫోనులో నా పేజీ తెరువు. నేను ఏం మార్చినా, ఏం కొత్తగా చేసినా మొదులు నువ్వే చదవాల. వత్తు కనపడకపోతే లేదని చెప్పు, తోకుంటే తోక అని చెప్పు. నా మీద ప్రేమకొద్దీ లేనిదాన్ని ఉండాదని మాత్రం చెప్పొద్దు. ఈ ఒక్క సాయం చెయ్ జేజీ.”